లైట్ పోయేలోపు

నాతో పాటు ఒకప్పుడు అసిస్టెంట్‌గా చేసినావిడ కొడుకు ఇప్పుడు డైరెక్టరయ్యాడు. ఒక్కసారి షూటింగ్‌కి రండి పిన్నీ అని పదేపదే అడిగితే మొన్న వెళ్ళాను. ఫ్లోర్‌లోకి అడుగుపెట్టగానే ఏదో తక్కువగా ఉందనిపించింది, ఏమిటో కాసేపు తెలియలేదు. సెట్టుంది, కెమెరా ఉంది, జనం ఉన్నారు, ఎక్కడ చూసినా మానిటర్లే. తర్వాత తట్టింది, వాసన లేదు. ఇప్పుడన్నీ ఎల్‌ఈడీ లైట్లు కదా, పెద్దగా వేడెక్కవు, వేడి లేనప్పుడు వాసన ఎక్కణ్ణుంచి వస్తుంది.

సరేలే అని ఓ మూల కుర్చీ చూసుకుని కూర్చున్నాను. మధ్యాహ్నం కిటికీలోంచి ఎండ పడుతున్నట్టు కావాలని కెమెరామన్ గోడౌన్లోంచి పాత టంగ్‌స్టన్ లైటు ఒకటి తెప్పించాడు. దాన్ని వేసిన నిమిషానికి ఏళ్ల తరబడి లోపల పేరుకున్న దుమ్ము కాలడం మొదలైంది. ఆ మాడు వాసన, దాని ముందు క్లిప్పులతో బిగించిన జెలటిన్ కాగితం వెచ్చబడి వచ్చే మరో వాసన. కుర్రాళ్ళు ముక్కులు మూసుకున్నారు, ఒకమ్మాయి వైరు కాలుతోందేమోనని పరిగెత్తింది. నాకు మాత్రం మా డైరెక్టర్ గారు వచ్చి వెనకాల నిలబడ్డట్టే అయింది. ఆయన పోయి కొన్నేళ్ళయింది. పేరు రాయడం లేదు, తెలిసినవాళ్ళకి తెలిసిపోతుంది.

నేనప్పట్లో కంటిన్యుటీ రాసేదాన్ని, అంటే ఒక షాటుకీ ఇంకో షాటుకీ తేడా రాకుండా ఏది ఎలా ఉందో రాసిపెట్టే పని. ఫిల్ములో తీసే రోజులు. మెడలో స్టాప్‌వాచీ, చేతిలో అట్ట, అట్టకి క్లిప్పుతో పట్టించిన కాగితాలు, జేబులో రెండు పెన్నులు. కంటిన్యుటీ వాళ్ళు డైరెక్టర్ పక్కనే ఉండాలి కాబట్టి ఆయన పని చేసే తీరు నాకు దగ్గర్నుంచి చూసే వీలు దొరికింది. బయటివాళ్ళకి డైరెక్టరంటే కుర్చీలో కూర్చుని యాక్షన్, కట్ చెప్పే మనిషి. మా ఆయన, అంటే మా డైరెక్టర్ గారు, పొరపాటు పడకండి, కుర్చీలో కూర్చోవడం నేను చూసింది చాలా తక్కువ. ఇంకో సంగతి, షూటింగ్ రోజు పెద్ద పని ఆయనకి షూటింగ్‌కి ముందే అయిపోయేది.

*

ఆయన దగ్గర పొడుగాటి రూళ్ళ నోట్‌బుక్కు ఒకటి ఉండేది. ఎడమ పేజీలో ప్లాను, కుడి పేజీలో షాట్ డివిజన్, అంటే సీనుని ఏయే షాట్లుగా తీయాలో ఆ వరస. ప్లానంటే సెట్టుని పైనుంచి చూస్తే ఎలా ఉంటుందో ఆ గీతలు, గోడలు, తలుపులు, కిటికీలు. మనుషులు చిన్న చిన్న సున్నాలు, ఎటు చూస్తున్నారో తెలియడానికి ప్రతి సున్నాకీ ఓ ముక్కు. కెమెరా ఉన్నచోట విచ్చుకున్న రెండు గీతలు. మాట్లాడుకునే ఇద్దరినీ కలుపుతూ చుక్కల గీత ఒకటి గీసేవారు. కెమెరా ఆ గీతకి ఒక పక్కనే తిరగాలి. దాటిందా, లుక్కులు మారిపోతాయి, ఎదురెదురుగా కూర్చున్నవాళ్ళు తెర మీద ఇద్దరూ ఒకే వైపు చూస్తున్నట్టు ఉంటారు. సెట్లో రోజుకొకసారైనా "లెఫ్ట్ లుక్కా, రైట్ లుక్కా" అని గొడవ వచ్చేది, కో-డైరెక్టరు ఓ మాట, కెమెరామన్ గారు ఓ మాట. డైరెక్టర్ గారు ఏమీ మాట్లాడకుండా ఎడమ పేజీ తిప్పి చూపించేవారు. గొడవ అక్కడితో సరి.

కుడి పేజీ పైన మాత్రం షాట్లు మొదలుపెట్టే ముందు ఒక్క వాక్యం ఉండేది. దానికి ఆయనెంత టైం తీసుకునేవారో చెప్తే నమ్మరు. షాట్లన్నీ అరగంటలో రాసేసేవారు, ఆ వాక్యానికి రాత్రి సగం అయిపోయేది. నాకు బాగా గుర్తున్నది ఒకటి, "కూతురు వెళ్ళిపోతోందని తండ్రికి ఇక్కడ తెలుస్తుంది, తెలిసినట్టు కూతురికి తెలియకూడదు." అంతే. ఆ వాక్యం కింద గీత, గీత కింద షాట్లు. సీన్ పేపర్లో కూడా ఎర్ర పెన్సిలుతో ఒక్క డైలాగు దగ్గరే గుర్తు పెట్టేవారు, సీను అక్కడ తిరుగుతుందని. మూడు పేజీల సీన్లో ఆ ఒక్క గుర్తే.

షాట్ల పక్కన కొన్నిటికి చుక్క గుర్తు, నక్షత్రంలా. కొన్నిటికి సున్నా చుట్టి ఉండేది. కొన్నిటికి ఏమీ ఉండేది కాదు. చుక్క పెట్టినవి లేకపోతే సీను నిలబడదు. సున్నా చుట్టినవి ఉంటే ఎడిటింగ్‌లో సుఖం. ఏమీ లేనివి ఆయన ఆశ. అందంగా ఉండేవన్నీ ఆ మూడో రకంలోనే ఉండేవి. మొదట్లో నాకిది వింతగా అనిపించేది, ఇంత బాగా గీసుకున్న షాటుకి గుర్తెందుకు పెట్టలేదా అని.

ఇంకో చిన్న సంగతి. సినిమాని కథ వరసలో తీయరు కదా. ఒక ఇంట్లో జరిగే సీన్లన్నీ ఒకచోట, ఒక ఆర్టిస్టు డేట్లలో వచ్చే సీన్లన్నీ ఒకచోట తీసేస్తారు. ఆఖరి రీలులో వచ్చే ఏడుపు మొదటివారంలోనే తీయాల్సి రావచ్చు. అందుకని ఆయన ప్రతి సీనుకీ మార్జిన్లో రెండు ముక్కలు రాసుకునేవారు, ఈ మనిషి ఇప్పుడెక్కడ్నుంచి వచ్చాడు, దీని తర్వాత ఎక్కడికి వెళ్తాడు. దాని కింద పోయిన సీను ఆఖరి ఫ్రేము ఏది, వచ్చే సీను మొదటి ఫ్రేము ఏది. రెండూ క్లోజులే, అంటే ముఖం దగ్గరగా చూపే షాట్లే, అయితే అడ్డంగా కొట్టేసి ఒకటి మార్చేవారు. ఆర్టిస్టు పొద్దున వచ్చి "ఈ సీన్లో నేనెలా ఉండాలి సార్" అని అడిగితే, బాధగా ఉండు, కోపంగా ఉండు అని ఆయన నోట ఎప్పుడూ రాలేదు. "నువ్విప్పుడు నాలుగు మెట్లు పరిగెత్తుకుంటూ ఎక్కి వచ్చావు, తలుపు తెరిచి ఉంటుందనుకోలేదు" అనేవారు. అది చాలు వాళ్ళకి.

*

బొమ్మలు మాత్రం ఆయనకి రావు. అందుకు కాస్త బాధ కూడా ఉండేది. స్టోరీబోర్డనేది 1930ల మొదట్లో డిస్నీ స్టూడియోలో కార్టూన్ల కోసం పద్ధతిగా వాడటం మొదలుపెట్టారని, తర్వాత మామూలు సినిమాలకి పాకిందని చెప్పేవారు. సత్యజిత్ రాయ్ గారి ఎర్ర గుడ్డ అట్టల ఖాతా పుస్తకాల గురించి, వాటిలో ఒకే పేజీలో ఫ్రేములూ, బట్టలూ, సంగీతం నోట్సూ ఉండటం గురించి చెప్తుంటే ఆయన గొంతు మారిపోయేది. కురొసావా చిత్రకారుడవుదామని మొదలుపెట్టిన మనిషి, డబ్బు దొరక్క సినిమా ఆగిపోయినప్పుడు దాన్ని రంగుల్లో బొమ్మలు బొమ్మలుగా వేసుకుంటూ కూర్చున్నాడు. ఈ కథ మాకు ఎన్నిసార్లు చెప్పారో. "మనకి సున్నాలూ ముక్కులే" అని నవ్వేవారు చివర్లో.

నా మటుకు నాకు ఆ సున్నాలే నయమనిపిస్తుంది. మంచి బొమ్మ చేతిలో ఉంటే ఆర్టిస్టుని తీసుకెళ్ళి ఆ బొమ్మలో ఇరికించాలనిపిస్తుంది. సున్నాకి అంత పట్టుదల ఉండదు, పక్కకి జరుగుతుంది. ఇది గీయగలిగినవాళ్ళు ఒప్పుకోరనుకోండి.

*

లొకేషన్ రెక్కీకి రెండుసార్లు వెళ్ళేవాళ్ళం. మొదటిసారి చోటు నచ్చిందా లేదా చూడటానికి. రెండోసారి, షూటింగ్ ఏ టైముకి పెట్టుకున్నామో సరిగ్గా ఆ టైముకి. పొద్దున చూసి సాయంత్రం తీస్తామంటే ఆయన ఒప్పుకునేవారు కాదు. చిన్న దిక్సూచి ఒకటి జేబులో ఉండేది. సూర్యుడు గంటకి పదిహేను డిగ్రీలు జరుగుతాడు, మూడు గంటల్లో నలభై ఐదు, అంటే పదింటికి ముఖం మీదున్న ఎండ ఒంటిగంట అయ్యేసరికి ఎక్కడికి పోతుందో నేల మీద పుల్లతో గీసి చూపించేవారు. ఆ లెక్క ప్రకారం ఏ వైపు చూసే షాట్లు పొద్దున, ఏవి మధ్యాహ్నం తర్వాత అన్నది తేలిపోయేది. మిట్ట మధ్యాహ్నం ఎండలో మనుషుల కళ్ళ కింద నీడలు గుంటలుపడతాయి కాబట్టి ఆ టైముకి లోపలి సీను ఏదో ఒకటి పెట్టుకునేవాళ్ళం.

తర్వాత అందరినీ మాట్లాడొద్దని చెప్పి కళ్ళు మూసుకుని నిలబడేవారు. రెండు మూడు నిమిషాలు అలాగే. ముందుసారి నేను ధ్యానమేమో అనుకున్నాను. ఏం చేస్తున్నారంటే వింటున్నారు. ఎక్కడో పంపు మోటారు, దూరంగా రైలు, పక్క వీధిలో రేకుల మీద సుత్తి దెబ్బలు. సౌండ్ ఇంజినీరుకి ఆయనంటే అందుకే ప్రాణం. మిగతా డైరెక్టర్లంతా కళ్ళతోనే రెక్కీ చేసేవారట, ఈయనొక్కడే చెవులు కూడా తెచ్చుకునేవాడని అనేవాడు.

ఈలోపు మిగతావాళ్ళ లెక్కలు మిగతావాళ్ళవి. జనరేటరు ఎంత దూరం పెడితే చప్పుడు రాదు, అంత దూరానికి కేబులు సరిపోతుందా. లారీలు ఎక్కడ ఆపితే ఫ్రేములోకి రావు. మేకప్‌కి గదెక్కడ. కిటికీలు ఎన్ని, ఎంత పెద్దవి. ఈ కిటికీల గోల ఇప్పటివాళ్ళకి తెలియదు. లైటు రంగుని కెల్విన్లలో కొలుస్తారు, మా లైట్లు 3200 కెల్విన్, బయట ఎండ 5600 దాకా, రెండూ ఒకే ఫ్రేములో పడితే కిటికీ నీలంగా వచ్చేస్తుంది. దానికి కిటికీ అద్దాలన్నిటికీ నారింజ రంగు జెలటిన్ అంటించాలి, ముడతలు పడకుండా. లైట్‌మెన్ రాత్రే వచ్చి ఆ పని మొదలుపెట్టేవారు.

*

షెడ్యూలంతా మా కో-డైరెక్టర్ అన్నయ్య చేతిలో ఉండేది. గోడకి పెద్ద అట్ట, దాని మీద జరపడానికి వీలుగా సన్నటి కాగితం పట్టీలు, ఒక్కో పట్టీ ఒక్కో సీను. పగలు లోపల తెలుపు, పగలు బయట పసుపు, రాత్రి లోపల నీలం, రాత్రి బయట ఆకుపచ్చ. దూరం నుంచి చూసినా ఈ వారం యూనిట్‌కి నిద్ర ఉంటుందో లేదో తెలిసిపోయేది, వరసగా ఆకుపచ్చలు కనిపిస్తే అందరి మొహాలూ వాడిపోయేవి. పట్టీ మీద సీను నంబరు, ఎవరెవరున్నారు, ఎన్ని పేజీలు. పేజీని ఎనిమిది భాగాలుగా లెక్క పెట్టేవాళ్ళు, పేజీన్నర సీను, పేజీలో మూడు భాగాల సీను అని.

పేజీకి నిమిషం అని ఒక లెక్క ఉంది. డైరెక్టర్ గారు దాన్ని పెద్దగా నమ్మేవారు కాదు. "ఇద్దరూ కొట్టుకుంటారు" అని సీన్ పేపర్లో ఒక్క లైను ఉంటుంది, అది తీయడానికి రెండు రోజులు. రెండు పేజీలు గుక్క తిప్పుకోకుండా మాట్లాడే సీను పొద్దున్నే అయిపోతుంది. అందుకే ఆయన గదిలో ఒక్కరే నిలబడి అన్ని పాత్రలూ తానే అయ్యి, నడవాల్సినచోట నడిచి, నన్ను స్టాప్‌వాచీ నొక్కమనేవారు. తలుపు అవతల రూంబాయ్ ఏమనుకునేవాడో మరి.

రేపటి షీటు రాత్రికల్లా అందరి చేతికీ వెళ్ళాలి. ఏ సీను, ఎవరు ఎన్నింటికి రావాలి, మేకప్‌కి ఎంతసేపు, ఏ బట్టలు, ఏ సామాను, సూర్యోదయం ఎప్పుడు, సూర్యాస్తమయం ఎప్పుడు. ఆఖరి రెండే ముఖ్యం, ఆయన అక్కణ్ణుంచి వెనక్కి లెక్క వేసేవారు. పొద్దు ఇన్నింటికి కుంగుతుంది, అప్పటికి ఆఖరి వైడ్, అంటే చోటంతా కనిపించే షాటు, అయిపోవాలి, దానికి ముందు ట్రాక్ వేయడానికి ఇంత, దానికి ముందు ఎదుటివైపు షాట్లు. అలా వెనక్కి వెనక్కి వచ్చి పొద్దున ఎన్నింటికి లేవాలో తేలేది. వానొస్తే ఏం తీయాలో కూడా షీటు కింద ఉండేది, దగ్గర్లో ఏదో ఒక లోపలి సీనుకి సామానంతా సిద్ధంగా పెట్టించేవారు. ఆ సీను రోజూ మూటగట్టుకుని మా వెనకాల తిరిగేది పాపం, ఎప్పుడో గాని దాని వంతు వచ్చేది కాదు.

ఇంకో పద్ధతి. మొదటి షాటు ఎప్పుడూ తేలికదే పెట్టేవారు. తలుపు తీసుకుని లోపలికి రావడం, మెట్లు దిగడం, అలాంటివి. తొందరగా ఓకే అవుతుంది, యూనిట్ కదులుతుంది. పొద్దున్నే పెద్ద షాటు పెట్టుకుని పదకొండు దాకా మొదటి టేకే పడకపోతే అందరి చేతులూ చచ్చుబడిపోతాయని ఆయన భయం. అలాగే కొత్తగా వచ్చిన ఆర్టిస్టుకి మొదటి రోజునే ఏడిచే సీను పెట్టేవారు కాదు. డేట్లు కుదరడం లేదు సార్ అని కో-డైరెక్టర్ అన్నయ్య నెత్తి కొట్టుకున్నా సరే.

*

పొద్దున అందరికంటే ముందు ఆయన వచ్చేవారు. సెట్లో ఒక్కరే తిరిగేవారు, నోట్‌బుక్కు చంకలో. కుర్చీలో కూర్చుని లేచి, కిటికీ దగ్గరికి నడిచి, అక్కడ్నుంచి తలుపు కనిపిస్తుందో లేదో చూసుకుని.

తర్వాత రిహార్సల్. ముందు ఆర్టిస్టులు, ఆయన, నేను, కో-డైరెక్టరు, అంతే. మిగతా అందరూ బయటికి. లైట్లు లేవు, కెమెరా లేదు, మేకప్ లేదు. రాత్రి గీసిన ప్లాను ఆయన చంకలో నోట్‌బుక్కులోనే ఉండేది, తెరిచేవారు కాదు. "మీకెక్కడ నిలబడాలనిపిస్తే అక్కడ నిలబడి చెప్పండి" అనేవారు. చాలాసార్లు వాళ్ళు ఆయన గీసినచోటుకే వచ్చి నిలబడేవారు, ఎందుకంటే కుర్చీ ఎక్కడ వేయించాలో, చేతికి ఏ సామాను ఇవ్వాలో అన్నీ ముందే చూసుకుని పెట్టుకున్నారు. రాకపోతే, ఆ వచ్చిన చోటు మెరుగ్గా ఉంటే, ప్లాను మార్చేసేవారు. ఆ తర్వాతే కెమెరామన్ గారిని పిలవడం. ఆయన వచ్చి చూస్తుంటే అసిస్టెంట్లు ఆర్టిస్టుల కాళ్ళ దగ్గర రంగు టేపుతో గుర్తులు వేసేవారు, ఒక్కొక్కరికి ఒక్కో రంగు. ఆర్టిస్టులు మేకప్‌కి వెళ్తే ఆ గుర్తుల మీద వేరే మనుషుల్ని నిలబెట్టి లైటింగ్.

ఎటువైపు ముందు తీయాలన్నది పెద్ద లెక్క. లైటింగ్ అంతా ఒక వైపుకి పెడతారు కాబట్టి ఆ వైపు చూసే షాట్లన్నీ, వైడ్, మిడ్, సజెషన్ (ఒకరి భుజం మీదుగా ఇంకొకరిని చూపేది), క్లోజ్, ఒక్క ఊపులో తీసేసి, ఆ తర్వాత మొత్తం తిప్పి ఎదుటి వైపు. తిప్పడానికి గంట పైనే పట్టేది. మరి ఇద్దరు ఆర్టిస్టుల్లో ఎవరి క్లోజు ముందు? ఇది నోట్‌బుక్కులో పేర్ల పక్కన ఉండేది. కొందరు మొదటి టేకుల్లోనే ప్రాణం పెట్టేస్తారు, తర్వాత తగ్గుతూ పోతారు. కొందరికి నాలుగైదు టేకులు అయితే గాని ఒళ్ళు వేడెక్కదు. మొదటి రకం వాళ్ళవైపు ముందు లైటింగ్ చేయించేవారు, రెండో రకం వాళ్ళు ఈలోపు కెమెరా పక్కన నిలబడి డైలాగులు అందిస్తూ వేడెక్కుతారు. పిల్లలుంటే ఎప్పుడూ పిల్లలే ముందు. పెద్ద నటులకి ఈ వరస ఎందుకో చెప్పేవారు కాదు, వాళ్ళు సీనియారిటీ అనుకుని సంతోషించేవారు.

*

ఫిల్ము సంగతి చెప్పకుండా ఇదంతా అర్థం కాదు. సెకనుకి 24 ఫ్రేములు, నిమిషానికి 90 అడుగులు. మ్యాగజీనంటే కెమెరాకి తగిలించే ఫిల్ము డబ్బా, 400 అడుగులది పెడితే నాలుగున్నర నిమిషాలు కూడా రాదు, 1000 అడుగులదైతే పదకొండు నిమిషాలు. కెమెరా తిరుగుతుంటే ఆ కరకర చప్పుడు అందరికీ వినిపించేది, అది డబ్బు చప్పుడని అందరికీ తెలుసు. అందుకే రోల్ కెమెరా అన్నాక ఎవరూ దగ్గేవారు కాదు. లోడర్ కుర్రాడు నల్ల సంచిలో చేతులు రెండూ దూర్చి, కళ్ళు ఎటో పెట్టుకుని, వేళ్ళతోనే ఫిల్ము ఎక్కించేవాడు. మంచి టేకు ఓకే అయ్యాక కెమెరా అసిస్టెంటు గేటు, అంటే కెమెరా లోపల ఫిల్ము మీద వెలుగు పడే చోటు, తెరిచి వెంట్రుకంత చెత్త ఉందేమో చూసేదాకా ఎవరూ ఊపిరి వదిలేవారు కాదు. ఉంటే ఆ టేకు పోయినట్టే.

నేను ప్రతి టేకుకీ సెకన్లు, అడుగులు, ఓకేనా కాదా, ఎక్కడ ఆగింది, చేతిలో గ్లాసు ఎడం చేతిలోనా కుడి చేతిలోనా అన్నీ రాసేదాన్ని. పోలరాయిడ్ ఫోటోలు కూడా ఉండేవి గాని అవి ఖరీదని లెక్కపెట్టి ఇచ్చేవారు.

మొన్న ఆ కుర్రాడి సెట్లో కట్ చెప్పకుండానే "మళ్ళీ, మళ్ళీ" అంటూ ఒకే టేకులో అయిదారుసార్లు చేయించాడు. తప్పనను. ఆర్టిస్టు ఊపు ఆగకుండా పోతుంది, అది లాభమే. కాకపోతే ఎడిటర్ దగ్గరికి వెళ్ళేసరికి ఆ కుప్పలోంచి ఏరుకోవాలి, ఆ ఏరుకోవడమనే పని రాత్రి నోట్‌బుక్కు ముందు కూర్చున్నప్పుడు జరగాల్సిందే వాయిదా పడిందనిపించింది నాకు. నేను ముసలిదాన్నయ్యానేమో కూడా.

*

ఆ తండ్రీకూతుళ్ళ సీను తీసిన రోజు సంగతి రాయాలి. ఔట్‌డోర్. పాత ఇల్లు, ముందు పెద్ద ఖాళీ జాగా, గేటు దాకా దారి, గేటు అవతల రోడ్డు. పొద్దున ఇంట్లో భాగం, సాయంత్రం ఎండ వాలాక బయట భాగం. ఆఖర్న తండ్రి భుజం వెనకనుంచి కెమెరా పైకి లేస్తే రోడ్డు మీద కూతురు చిన్నదైపోతూ కనిపించాలి. క్రేన్ షాటు. దానికోసం క్రేన్ ప్రత్యేకంగా తెప్పించారు, లారీలో ఉంది. ప్లాను కూడా ఆయన చాలా ముచ్చటగా గీసుకున్నారు, ఎప్పుడూ గీయని చెట్లు కూడా గీశారు.

మధ్యాహ్నానికి పడమటి వైపు మబ్బు. కెమెరామన్ గారు నల్ల అద్దం కంటికి అడ్డం పెట్టుకుని చూశారు.

"ఎంతుంది?" అన్నారు డైరెక్టర్ గారు.

"గంట. అదృష్టం ఉంటే గంటంబావు."

ఆయన నోట్‌బుక్కు తీశారు. నేను పక్కనే ఉన్నాను, పై వాక్యం చదువుకున్నారు, తర్వాత చుక్కలున్న షాట్లు వేలితో లెక్కపెట్టుకున్నారు, అంతే, అర నిమిషం. ఇంట్లో సీను అక్కడికక్కడ ఆపించి అందరినీ బయటికి రమ్మన్నారు. వైడ్లన్నీ ముందు. ఎండలో ఉన్న ఇల్లు, దారి, గేటు, ఇవి మబ్బు పట్టాక ఎంత లైటు పెట్టినా రావు. క్లోజులదేముంది, ముఖమంత చోటుకి ఎండ మనమే చేసుకోవచ్చు. పాపం ఆ అమ్మాయి ఇంట్లోంచి బయల్దేరే షాటింకా చేయకుండానే గేటు దాటి వెళ్ళిపోయే షాటు చేయాల్సి వచ్చింది. ఒక్క ప్రశ్న అడగలేదు. ఎక్కడ్నుంచి వస్తోందో, ఏం మాట అని వస్తోందో ఆయన ముందురోజే చెప్పి పెట్టారు కాబట్టి.

ప్రొడక్షన్ మేనేజరు పరిగెత్తుకుంటూ వచ్చాడు, క్రేన్ దించమంటారా సార్ అని. బిగించడానికే ముప్పావు గంట.

"వద్దు."

"సార్, దీనికోసమే తెప్పించాం గదా."

"తెప్పించామని వాడితే సీను క్రేన్‌దవుతుంది. లారీలోనే ఉండనీ."

ఆ షాటుకి చుక్కా లేదు, సున్నా లేదు. అప్పుడు అర్థమైంది నాకు ఆ గుర్తులెందుకో. చెట్లు గీసుకుంటున్నప్పుడే, అంత ఇష్టంగా గీసుకుంటూనే, అది పోయినా పరవాలేదని ముందే ఒప్పుకుని పడుకున్నాడాయన. మర్నాడు ఎండ పోతుంటే, ఎనభైమంది చూస్తుంటే ఆలోచించుకోవాల్సిన పని మిగల్లేదు.

వాన సరిగ్గా గంటకి వచ్చింది. వసారాకి టార్పాలిన్ కట్టి, పగటి వెలుగు రంగులో ఉండే హెచ్‌ఎంఐ లైటుకి లేత నారింజ జెలటిన్ వేసి, సాయంత్రపు ఎండ చేసి తండ్రి క్లోజులు తీశారు. టార్పాలిన్ మీద వాన చప్పుడుకి డైలాగేమీ పనికిరాలేదు, అదంతా తర్వాత డబ్బింగ్‌లో చెప్పించారు. సౌండ్ ఇంజినీరు ఒక్కడే ఆ రోజు ఆయన మీద అలిగాడు.

*

ప్యాకప్ తర్వాత ఇంకో గంట పని ఉండేది మాకు. ఎన్ని సీన్లయ్యాయి, ఎన్ని మిగిలాయి, ఎంత ఫిల్ము తిరిగింది, ఎంత వేస్టు. ఎక్స్‌పోజ్ చేసిన డబ్బాలకి టేపు చుట్టి, మీద రోల్ నంబరు రాసి ల్యాబ్‌కి పంపించాలి. ఎడిటర్ గారికి నా రిపోర్టు కాపీ. ఇదంతా జరుగుతుంటే డైరెక్టర్ గారు అప్పుడే రేపటి పేజీ తెరిచి కూర్చునేవారు, పైన ఆ వాక్యం కోసం.

అప్పుడు మేనేజరు వచ్చి తలుపు దగ్గర నిలబడేవాడు. "సార్, రేపెన్ని షాట్లు?" ఆయన తల ఎత్తకుండా ఓ అంకె చెప్పేవారు. కాసేపటికి కెమెరామన్ గారు అడిగేవారు, ఓ అంకె చెప్పేవారు. పోతూ పోతూ మా అసిస్టెంట్లకీ ఓ అంకె. ఇలా ఆ సినిమా అంతా నడిచింది. చాలా రోజుల తర్వాత, వేరే ఊరికి యూనిట్ బస్సులో వెళ్తూ మాటల్లో బయటపడింది, మా ముగ్గురికీ మూడు వేర్వేరు అంకెలు చెప్తున్నారని. మేనేజరుకి చుక్కలున్నవి మాత్రమే. మాకు చుక్కలూ సున్నాలూ కలిపి. కెమెరామన్ గారికి మొత్తం.

కెమెరామన్ గారు పగలబడి నవ్వారు. మేనేజరు మాత్రం ముందు సీట్లో కూర్చున్న డైరెక్టర్ గారి దగ్గరికి వెళ్ళి సీరియస్‌గా అడిగేశాడు, ఇదేం న్యాయం సార్ అని.

"నీకు తక్కువ చెప్పాను కదయ్యా, నీకెందుకు బాధ?" అన్నారాయన.

"మరి రేపటికి నిజంగా ఎన్నో చెప్పండి."

"మబ్బుని అడుగు" అని కిటికీ వైపు తిరిగి పడుకున్నారు.